మేడ మీద షవర్ సన్నగా వస్తోందా? పంపు కొనేముందు లీటరు మగ్గుతో కొలవండి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: పాలకొల్లు దగ్గర ఊళ్లో మేడ మీద కొత్త బాత్రూము. మూడు లీటర్ల, 3 కిలోవాట్ల ఇన్‌స్టంట్ గీజరు, ఎనిమిది అంగుళాల రెయిన్ షవరు. వెయ్యి లీటర్ల ట్యాంకు ఆ బాత్రూము పైన శ్లాబు మీదే కూర్చుంది. బకెట్ కుళాయి ధారాళంగా వస్తోంది, షవర్ తిప్పితే మాత్రం చూరు నీళ్లలా కారుతోంది, వేడినీళ్లయితే మరీ సన్నం. ప్లంబరు అర హెచ్‌పీ ప్రెషర్ పంపు పెట్టించమంటున్నాడు, పెట్టించాలా అని.

ఇప్పుడే వద్దండి. కుళాయి బాగా వస్తోంది కాబట్టి ప్రెషర్ ఉంది, షవరే పాడు అనుకోవడం ఒక పొరపాటు. షవర్ సన్నంగా ఉంది కాబట్టి ప్రెషర్ లేదు, పంపు పెట్టాలి అనుకోవడం రెండో పొరపాటు. ఎత్తు చాలకపోయినా సన్నగా వస్తుంది, దారిలో అడ్డు పడినా సన్నగా వస్తుంది. ఈ రెండిటికీ మందు వేరు. మీ ఇంట్లో రెండూ ఉన్నట్టే కనిపిస్తోంది, ఎందుకంటే చన్నీళ్ల కంటే వేడినీళ్లు ఇంకా సన్నం అంటున్నారు.

ముందు ఎత్తు లెక్క. మోటారు నీళ్లను ట్యాంకులోకి ఎక్కించడంతో దాని పని అయిపోయింది, కాబట్టి మోటారు ఎంత పెద్దదైనా షవరుకు ఒరిగేదేమీ లేదు. ట్యాంకులోని నీటి మట్టానికీ షవరుకూ మధ్య ఎన్ని అడుగుల తేడా ఉందో అదే ప్రెషరు. పది మీటర్ల ఎత్తుకు దాదాపు ఒక బార్, అంటే మన మేస్త్రీలు ఒక కేజీ అనేది. అడుగుకు 0.03 బార్. మీ బాత్రూము నేల నుంచి శ్లాబు పైభాగం పదిన్నర అడుగులనుకోండి, ట్యాంకులో నీళ్లు అడుగంటాయనీ అనుకోండి. కుళాయి రెండడుగుల ఎత్తులో ఉంటుంది కాబట్టి దానికి ఎనిమిదిన్నర అడుగుల ప్రెషరు దొరుకుతోంది, 0.25 బార్. షవరు ఏడడుగుల ఎత్తులో ఉంటుంది, దానికి మిగిలేది మూడున్నర అడుగులు, బొటాబొటి 0.1 బార్. ఒకే ట్యాంకు, ఒకే పైపు, కానీ కుళాయికి దక్కేదానిలో సగం కూడా షవరుకు దక్కడం లేదు. అదే షవరు కింది వాటాలో బిగిస్తే ఇంకో పదిన్నర అడుగులు కలిసొచ్చి 0.4 బార్ దాటుతుంది. షాపులో చూపించే రెయిన్ షవర్లు ఒక బార్, ఆ పైన ప్రెషరును దృష్టిలో పెట్టుకుని చేసినవి. వందకు పైగా ఉన్న సన్నని రబ్బరు చిల్లుల్లోంచి 0.1 బార్ నీళ్లను ఎలా నెట్టగలదు?

దీనికి ఓ పైసా ఖర్చులేని పరీక్ష ఉంది. ట్యాంకు పొంగేదాకా నింపి ఒకసారి, అడుగున జానెడు నీళ్లున్నప్పుడు ఒకసారి షవర్ తిప్పి చూడండి. వెయ్యి లీటర్ల ట్యాంకు నిండితే దాదాపు నాలుగడుగుల నీళ్లు అదనం, అంటే షవరు మీద ప్రెషరు ఇంచుమించు రెట్టింపు, ధార సుమారు ఒకటిన్నర రెట్లు. ఆ తేడా కంటికి కొట్టొచ్చినట్టు కనబడితే మీది ముఖ్యంగా ఎత్తు సమస్య. నిండు ట్యాంకుతోనూ అదే నీరసం అయితే ఎక్కడో అడ్డం పడింది.

ఇక మగ్గు. కొలత గీతలున్న లీటరు మగ్గు తీసుకోండి, లేదంటే లీటరు నీళ్లు కొలిచి గీత పెట్టుకున్న ఏ గిన్నె అయినా సరే. ఫోన్‌లో స్టాప్‌వాచ్. ట్యాంకు నిండుగా ఉన్నప్పుడే నాలుగు కొలతలూ తీసి కాగితం మీద రాసుకోండి. మొదటిది, షవర్ హెడ్ ఉండగా చన్నీళ్లు (పెద్ద హెడ్డు కింద మగ్గు చాలదు, బకెట్ పెట్టి అరనిమిషం పట్టి మగ్గుతో కొలవండి). రెండోది, హెడ్ విప్పేసి షవర్ గొట్టం నుంచి చన్నీళ్లు. మూడోది, హెడ్ లేకుండా వేడినీళ్ల వైపు మాత్రమే. నాలుగోది, గీజరుకు వచ్చే కనెక్షన్ పైపును గీజరు దగ్గర విప్పి, ఆ పైపు నోటి నుంచి. ఈ చివరిది తీసేముందు కరెంటు బోర్డులో గీజరు ఎంసీబీ (కరెంటు తెంచే మీట) దింపేయండి. స్విచ్చి ఆపడం చాలదు, కొన్ని ఇళ్లలో స్విచ్చి న్యూట్రల్ మీద పడి ఉంటుంది.

లీటరు పది సెకన్లలో నిండితే నిమిషానికి ఆరు లీటర్లు, పన్నెండైతే ఐదు, ఇరవై అయితే మూడు. హాయిగా స్నానం చేయాలంటే ఐదారు లీటర్లు కావాలి. హెడ్ ఉన్నప్పుడు పాతిక సెకన్లు పట్టింది, విప్పితే పదికే నిండింది అంటే దోషం హెడ్డుదే, మిగతా ఏదీ ముట్టుకోకండి. విప్పినా రెండు వైపులా నెమ్మదే అంటే ట్యాంకు వాల్వు, లైను, లేదా మిక్సరు (చన్నీళ్లూ వేడినీళ్లూ కలిపే కుళాయి). చన్నీళ్లు బాగుండి వేడినీళ్లే సన్నమైతే గీజరు దారి. నాలుగో కొలత జోరుగా ఉండి మూడోది నెమ్మదిగా ఉంటే అడ్డు గీజరు లోపల లేదా గీజరు తరవాత. నాలుగోదే నెమ్మదైతే గీజరును అనవసరంగా తిట్టకండి, గీజరుకు నీళ్లు వదిలే గోడ కుళాయి, అంటే యాంగిల్ కాక్ దగ్గర చూడండి.

షవర్ హెడ్ విషయానికొద్దాం, సగం కేసులు ఇక్కడే తేలిపోతాయి. గుడ్డ చుట్టి స్పానరుతో విప్పండి, లేకపోతే క్రోమియం మీద పళ్ల గాట్లు పడతాయి. విప్పగానే లోపల ఓ రబ్బరు వాషరు, దానికే అతుక్కుని స్టీలు జాలీ ఉంటాయి. కొత్త ఇల్లు కాబట్టి ఆ జాలీ మీద సిమెంటు ఇసుక, తెల్లటి టెఫ్లాన్ టేపు పోగులు, ట్యాంకుకు కన్నం వేసినప్పుడు రాలిన నల్లటి ప్లాస్టిక్ పొట్టు, పైపులకు రాసిన గమ్ము ఉండలు కనబడితే ఆశ్చర్యపోకండి. జాలీ కింద కొన్నిటికి ఓ చిన్న ప్లాస్టిక్ బిళ్ల ఉంటుంది, నడుమ చిన్న కన్నంతో. అది నీళ్లు ఎక్కువ పోకుండా ఆపడానికి పెట్టింది. మూడు కేజీల ప్రెషరున్న అపార్టుమెంట్లకు అది అవసరం, మన డాబా ట్యాంకు ఇళ్లకు అది శత్రువు. సన్నని స్క్రూడ్రైవరుతో పైకి లేపి తీసి దాచండి. జాలీ మాత్రం కడిగి మళ్లీ పెట్టాల్సిందే.

చిల్లుల్లో పేరుకున్నదేమిటో రంగు చూసి తెలుసుకోవచ్చు. గీకితే సుద్దలా రాలే తెల్లటి గార అయితే బోరు నీళ్లలోని సున్నం. నీళ్లు రాత్రికి రాత్రి బకెట్లో పసుపు రంగుకు తిరిగి, చిల్లుల దగ్గర తుప్పు రంగు జిగురు పడుతుంటే ఇనుము. బూడిద రంగు మెత్తటి బురదైతే కాలువ నీళ్ల ఒండ్రు, గోదావరికి ఎర్రనీరు తగిలిన జులై, ఆగస్టుల్లో మరీ ఎక్కువ. ఒండ్రుకు యాసిడ్ ఎంత పోసినా దండగ, పాత టూత్‌బ్రష్షూ నీళ్లూ చాలు. సున్నానికి మాత్రం నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) మంచి మందు: లీటరు గోరువెచ్చని నీళ్లలో 50 గ్రాములు కలిపి హెడ్డును గంట నుంచి రెండు గంటలు ముంచండి. మొదట సన్నటి బుడగలు వస్తాయి, బుడగలు ఆగాక రబ్బరు చిల్లులను బొటనవేలితో ఒక్కొక్కటీ నలపండి. గట్టి ప్లాస్టిక్ చిల్లులైతే గుండుసూదితో కాదు, అది చిల్లును వంకర చేస్తుంది, చీపురు పుల్ల మొనతో పొడవండి. బాత్రూము యాసిడ్ జోలికి పోవద్దు, పూత ఊడి లోపలి ఇత్తడి బయటపడుతుంది. ట్యాంకులో వేసే బ్లీచింగ్ పౌడరు, ఈ యాసిడ్లు, నిమ్మ ఉప్పూ ఏవీ ఒకేచోట కలపకండి, క్లోరిన్ గ్యాసు పుడుతుంది, మూసిన బాత్రూములో అది ప్రాణం మీదికి తెస్తుంది.

నరసాపురం, మొగల్తూరు, సఖినేటిపల్లి వైపు బోర్లలో ఉప్పదనం ఎక్కువ కాబట్టి అక్కడివాళ్లు ఈ ముంచుడు రెండు మూడు నెలలకోసారి పెట్టుకోవాల్సిందే. కాలువలు కట్టేసిన వేసవి వారాల్లో చాలా ఇళ్లు బోరు మీదికి మారతాయి, ఆ వారాల్లోనే గార ఎక్కువగా పేరుకుంటుంది. జూన్‌లో కాలువ వదిలాక ఒకసారి ట్యాంకు కడిగి, హెడ్డు ముంచి తీస్తే ఏడాదంతా హాయి.

వేడినీళ్ల వైపు. గీజరు గోడ దగ్గర ఉండే యాంగిల్ కాక్ పూర్తిగా తెరిచి ఉందా? నవ్వకండి, చాలాచోట్ల బిగించినవాళ్లు నీళ్లు బాగా వేడెక్కాలని సగం మూసి పోతారు. మీకది పనికొచ్చేదే, ఎందుకో కింద చెప్తాను. తరవాత స్టీలు అల్లిక కనెక్షన్ పైపు చూడండి. పైకి లావుగా కనిపిస్తుంది కానీ చవక రకాల్లో లోపలి రబ్బరు గొట్టం పెన్సిలంత లావే. వేడినీళ్ల వైపు ఆ రబ్బరు ఏడాదికి ఉబ్బి, లోపలికి ముడుచుకుని దారి మూసుకుపోతుంది. పైపు విప్పి ఒక చివర కంటికి పెట్టుకుని వెలుతురు వైపు చూడండి. గుండ్రని వెలుగు కనబడాలి, చంద్రవంకలా కనబడితే పారేయండి. గీజరు పక్కన పద్దెనిమిది అంగుళాల పైపు చాలేచోట ఇరవై నాలుగుది మెలితిప్పి బిగించినా ఇదే గతి.

పైపు విప్పే వరస: ఎంసీబీ దింపండి, యాంగిల్ కాక్ మూయండి, వేడినీళ్ల కుళాయి తెరిచి లోపలి ప్రెషరు పోనివ్వండి, అప్పుడు నట్టు. చన్నీళ్ల దారి మూతి దగ్గర నీలం గుర్తు ఉంటుంది, వేడినీళ్లు బయటికొచ్చేదానికి ఎరుపు. నీలం మూతిలో ఓ చిన్న ప్లాస్టిక్ జాలీ ఉన్న మోడళ్లున్నాయి, అక్కడ గుప్పెడు ఇసుక చిక్కుకుని ఉంటుంది. సేఫ్టీ వాల్వు అంటే ఆ మూతికి బిగించే ఇత్తడి ముక్క, దాన్లోనే వెనక్కి నీళ్లు పోకుండా ఆపే స్ప్రింగు మూత కూడా ఉంటుంది. ప్రెషరు 0.1 బారే ఉన్నచోట ఆ స్ప్రింగును తెరవడానికే దాన్లో సగం ఖర్చయిపోతుంది, గార పడితే అస్సలు తెరుచుకోదు. నీళ్లలో కడిగి, పుల్లతో నొక్కి చూడండి, మెత్తగా లోపలికి పోయి తిరిగి రావాలి. బిగుసుకుపోతే కొత్తది వేయండి. దాని లోపలి స్ప్రింగు పీకేసి ఖాళీ గొట్టంలా బిగించే మేస్త్రీలున్నారు. నీళ్లు జోరుగానే వస్తాయి, కానీ వేడిని అదుపు చేసే థర్మోస్టాటు చెడిన రోజున గీజరు బాంబే. ఆ వాల్వును ఎరుపు వైపు బిగించడం, బాణం గుర్తు తిరగేసి బిగించడం ఇంకో తరహా పొరపాటు. అప్పుడు నీళ్లు చుక్కలే.

ఇవన్నీ సరిగ్గా ఉండి వేడినీళ్లు ఓ గుక్క వచ్చి ఆగిపోతూ, గుడగుడమంటుంటే గాలి పట్టింది. ట్యాంకు పూర్తిగా ఎండిపోయిన మర్నాడు ఇది మామూలు. పైపు గీజరు నుంచి పైకి లేచి మళ్లీ దిగేచోట గాలి బుడగ కూర్చుంటుంది, తక్కువ ప్రెషరు దాన్ని నెట్టలేదు. ఎంసీబీ దింపి, ట్యాంకు నింపి, షవరు మూసి, అన్నిటికంటే కిందున్న వేడినీళ్ల కుళాయిని పూర్తిగా తెరిచి పది నిమిషాలు వదిలేయండి. కదలకపోతే గీజరు ఎరుపు మూతి నట్టును రెండు చుట్లు వదులు చేయండి, ముందు బుస్సుమని గాలి, వెనకే నీళ్లు చిమ్ముతాయి, అప్పుడు బిగించండి. ధార నిలకడగా వచ్చేదాకా గీజరు వేయకండి, నీళ్లు లేని ఎలిమెంటు నిమిషాల్లో కాలిపోతుంది.

రెండు వైపులా నెమ్మదే అయిన ఇళ్లకు: మేడెక్కి ట్యాంకు దగ్గర వాల్వు చూడండి. చక్రం తిప్పే గేటు వాల్వైతే లోపలి పలక కాడ నుంచి ఊడి దారిలో పడి ఉండొచ్చు, చక్రం ఎంత తిప్పినా తిరుగుతూనే ఉంటుంది. దాన్ని తీసి ఒక అంగుళం ఫుల్‌బోర్ బాల్ వాల్వు (తెరిస్తే పైపంత దారీ వదిలేది) పెట్టండి. ట్యాంకు నుంచి అంగుళం, బాత్రూముదాకా ముప్పావు, చివరి పాయింట్ల దగ్గరే అరంగుళం, ఇదీ డాబా ట్యాంకు ఇంటి పద్ధతి. ట్యాంకు నుంచే అరంగుళం లాగేసిన ఇళ్లలో షవర్లు మార్చి లాభం లేదు. పాత ఇనుప పైపులైతే లోపల తుప్పు బొడిపెలు లేచి దారి చిటికెన వేలంత మిగులుతుంది, వాటిని శుభ్రం చేసే మందు లేదు, మార్చడమే. మార్చేటప్పుడు వేడినీళ్ల వైపు వేడి తట్టుకునే సీపీవీసీ ప్లాస్టిక్ పైపే, మామూలు తెల్ల యూపీవీసీ మెత్తబడి కీళ్లు వదులుతాయి. ట్యాంకు తరవాత ఓ వై స్ట్రైనరు (పైపులో బిగించే జల్లెడ) పెట్టించుకుంటే ఒండ్రు అక్కడే ఆగుతుంది, మిక్సరు దాకా రాదు.

ఇప్పుడు పంపు. మీది 3 కిలోవాట్ల ఇన్‌స్టంట్. ఇది నిమిషానికి లీటరు నీళ్లను 43 డిగ్రీలు వేడెక్కించగలదు, అంతే దాని శక్తి. సంక్రాంతి వేళ ట్యాంకు నీళ్లు 24 డిగ్రీలున్నాయనుకోండి, స్నానానికి 40 కావాలి, పెంచాల్సింది 16. లెక్కకట్టితే నిమిషానికి రెండున్నర లీటర్ల చిల్లర. పంపు పెట్టి ధారను ఆరు లీటర్లు చేశారంటే మొదటి అరనిమిషం లోపలి మూడు లీటర్లూ వేడిగా వచ్చి, ఆ తరవాత ఏడెనిమిది డిగ్రీల పెరుగుదలే మిగులుతుంది. యాంగిల్ కాక్ సగం మూసినవాడు ఇందుకే మూశాడు. ఆరు లీటర్లకు ఎడతెగకుండా వేడి కావాలంటే ఆరున్నర, ఏడు కిలోవాట్లు కావాలి, మన ఇళ్ల వైరింగు దానికి ఒప్పదు. పైగా వోల్టేజి 230 నుంచి 180కి పడితే మీ 3 కిలోవాట్లు 1.8కి దిగుతుంది. అందుకే షవరు కింద నిలబడి స్నానం చేయాలనుకునేవాళ్లకు ఇన్‌స్టంట్ గీజరు పనికిరాదు, బకెట్‌కే అది. 25 లీటర్ల స్టోరేజ్ గీజరు, 2 కిలోవాట్లది, 24 నుంచి 60 డిగ్రీలకు అరగంటలో వేడెక్కుతుంది. చన్నీళ్లతో కలిస్తే లెక్క ప్రకారం 55 లీటర్ల స్నానపు నీళ్లు, చేతికందేది కొంచెం తక్కువ. ఐఎస్ 2082 గుర్తు చూసి కొనండి, 16 ఆంపుల సాకెట్టు, ఎర్తింగు, కరెంటు లీకైతే తెంచే 30 మిల్లీఆంపుల ఆర్‌సీసీబీ తప్పనిసరి. నీళ్లు తగిలితే చెయ్యి జివ్వుమంటే ఆ క్షణమే ఆపి ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.

పంపు లేకుండా చేయగలిగింది ముందు చేయండి. రెయిన్ షవర్ తీసి మూడు నాలుగు అంగుళాల మామూలు హెడ్డు పెట్టండి, చిల్లులు తక్కువగా, కాస్త పెద్దవిగా ఉన్నది. షవర్ గొట్టాన్ని ఏడడుగుల నుంచి ఆరుంపావుకు దించితే ముప్పావు అడుగు దక్కుతుంది, మూడున్నర మీద అది తక్కువేం కాదు. ఇంకా కావాలంటే ట్యాంకును ఐదడుగుల స్టాండు ఎక్కించండి. మూడున్నర కాస్తా ఎనిమిదిన్నర అవుతుంది, ధార ఒకటిన్నర రెట్లు దాటుతుంది. అయితే నిండు ట్యాంకు టన్నుకు పైగా బరువు, స్టాండు కాళ్లు స్తంభాల మీదికో బీముల మీదికో రావాలి, శ్లాబు నడిమధ్యన కాదు. 1996 నవంబరు తుఫాను చూసిన కోనసీమవాళ్లకు చెప్పనక్కర్లేదు, ఖాళీ ట్యాంకు గాలికి లేచిపోతుంది, యాంకర్ బోల్టులతో కట్టి తీరాలి.

ఇన్ని చేశాక కూడా రెయిన్ షవరే కావాలంటే, అప్పుడు పంపు. అర హెచ్‌పీ ఎక్కువ, ఒక బాత్రూముకు పావు హెచ్‌పీ, ఒకటి ఒకటిన్నర బార్ ఇచ్చేది చాలు. ట్యాంకు బయటి పైపు మీద, చన్నీళ్లకూ గీజరుకూ కలిపి ఒకేచోట పెట్టాలి. ఒక్క చన్నీళ్ల వైపే పెడితే మిక్సరులో చన్నీళ్లు వేడినీళ్లను వెనక్కి తోసేస్తాయి. పంచాయతీ కుళాయి పైపుకు సూటిగా తగిలించకండి, పక్కింటి నీళ్లు లాగేసినట్టవుతుంది, పైపులో ఎక్కడైనా చిల్లు ఉంటే మురుగూ లోపలికొస్తుంది. నీళ్లు పారితేనే మొదలయ్యే ఫ్లో స్విచ్ రకం పంపైతే దాన్ని కదిలించే కనీస ధార కావాలి. ఇప్పుడు మీకొస్తున్న చుక్కలకు అది మేలుకోకపోవచ్చు, పైపులో ప్రెషరు తగ్గగానే మొదలయ్యే ప్రెషర్ స్విచ్ రకం అడగండి. ఉప్పునీళ్ల ఊళ్లలో లోపలి చక్రం స్టీలో ఇత్తడో అయి ఉండాలి. కరెంటు పోయినప్పుడు నీళ్లు ఆగకుండా పంపు పక్కనుంచి ఎన్‌ఆర్‌వీతో (నీళ్లు వెనక్కి పోకుండా ఆపే వాల్వు) ఓ బైపాస్ లైను వేయించండి.

పంపు పెట్టిన రోజున ఒకటి మరిచిపోతారు. పాత ఇళ్లలో వేడినీళ్ల లైను నుంచి ట్యాంకు పైదాకా ఓ గాలి గొట్టం ఎక్కించి వదిలి ఉంటారు. పంపు మొదలవగానే నీళ్లు ఆ గొట్టంలోంచి డాబా మీద పడుతూనే ఉంటాయి, పంపు ఆగదు. దానికి మూత బిగించండి, కానీ గీజరు సేఫ్టీ వాల్వు పనిచేస్తోందని వేలితో మీట ఎత్తి నీళ్లు చిమ్మడం చూశాకే బిగించండి. గీజరు ప్లేటు మీద 0.65 ఎంపీఏ అనో 0.8 ఎంపీఏ అనో రాసి ఉంటుంది, అంటే ఆరున్నర లేదా ఎనిమిది బార్. ఒకటిన్నర బార్ పంపుకు ఆ గీజరు తట్టుకుంటుంది, తట్టుకోలేనివి పాత కనెక్షన్ పైపులు. వాటిని అదే రోజు మార్చేసి, పంపు నడుస్తుండగా ప్రతి నట్టు కింద పొడి కాగితం పెట్టి పావుగంట తరవాత తడిసిందేమో చూడండి.